వార్డు నుంచి బోర్డు దాకా: పెద్ద ఆసుపత్రుల సంస్థను నడిపే పద్ధతి

వంద పడకల ఆసుపత్రిలో పెద్ద డాక్టరు పొద్దున ఏడింటికి రౌండ్స్‌కి బయల్దేరితే గంటన్నరలో ఆసుపత్రి మొత్తం ఆయన కళ్లబడుతుంది. ఏ నర్సు వరసగా రెండు షిఫ్టులు చేసిందో, ఏ మంచం చక్రం ఊడిందో, ఎవరి బంధువులు బిల్లు చూసి కంగారు పడుతున్నారో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. అదే సంస్థ హైదరాబాద్‌లో రెండు, విజయవాడ, విశాఖ, కరీంనగర్‌లలో ఒక్కొక్కటి చొప్పున శాఖలు పెట్టి 1,200 పడకలకు పెరిగాక ఆ కళ్లు చాలవు. వాటి స్థానంలో నెలవారీ నివేదికలు వస్తాయి. నివేదిక రాసేవాళ్లకు పైవాళ్లు ఏం వినాలనుకుంటున్నారో బాగా తెలుసు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఇంగ్లండ్‌లో మిడ్ స్టాఫర్డ్‌షైర్ ట్రస్టు నడిపిన స్టాఫర్డ్ ఆసుపత్రిలో 2005 నుంచి 2009 వరకు జరిగింది ఇదే. కోటి పౌండ్ల పొదుపు కోసం సిబ్బందిని తగ్గించారు. స్వయంప్రతిపత్తి హోదా తెచ్చుకోవడం మీదే బోర్డు దృష్టి పెట్టింది. మరణాల రేటు ఎక్కువగా ఉందని లెక్కలు చెబితే, అది రికార్డుల్లో జబ్బుల కోడ్‌లు వేయడంలో లోపమని సర్దిచెప్పుకున్నారు. రోగులకు అన్నం, నీళ్లు అందించే దిక్కు లేదని బంధువులు మొత్తుకున్నా పైదాకా చేరలేదు. 2013లో వచ్చిన ఫ్రాన్సిస్ విచారణ నివేదిక బోర్డునే తప్పుపట్టింది. ఆ బోర్డులో ఉన్నవాళ్లు దుర్మార్గులేం కాదు. వాళ్ల ముందుకు వచ్చిన కాగితాల్లో రోగి లేడు, అంతే.

కాబట్టి కింద చెప్పే ప్రతి మెట్టునూ ఒకే ప్రశ్నతో కొలుచుకోండి: రాత్రి రెండింటికి వార్డులో జరిగిన తప్పు, ఎవరూ మెరుగులు దిద్దకుండా, ఎన్ని గంటల్లో ఎవరి చెవిన పడుతుంది?

మొదటి మెట్టు: ఎవరి సంతకం దేనికి చెల్లుతుందో రాసుకోవడం

మన దగ్గర పెద్ద ఆసుపత్రులు చాలావరకు ఒకే చట్టం కింద ఉండవు. భూమి కుటుంబ సభ్యుల పేరిట, ఆసుపత్రి కంపెనీ పేరిట, నర్సింగ్ కాలేజీ సొసైటీ పేరిట, మందుల షాపు ఇంకో సంస్థ పేరిట ఉంటాయి. ముందు ఒక పెద్ద కాగితం మీద ఈ బొమ్మంతా గీయండి: ఎవరు ఎవరికి అద్దె కడుతున్నారు, ల్యాబ్ ఎవరిది, క్యాంటీన్ ఎవరిది, ఇంప్లాంట్లు సరఫరా చేసే ఏజెన్సీలో ఎవరి వాటా ఉంది. ఈ బొమ్మ బోర్డు సభ్యులందరి దగ్గరా ఉండాలి. దాన్ని చూపించడానికి ఎవరైనా మొహమాటపడితే మొదటి సమస్య దొరికినట్టే.

తర్వాత అధికారాల పట్టిక. నమూనాగా, బడ్జెట్‌లో ఉన్న ఖర్చుకు శాఖ అధిపతికి 5 లక్షల దాకా, సీఈవోకు కోటి దాకా, ఆపైన బోర్డుకు అని పెట్టుకోవచ్చు. బడ్జెట్‌లో లేని ఖర్చయితే ఈ పరిమితులు సగానికి తగ్గాలి. అత్యవసరానికి విడిగా ఒక గీత గీయండి: ప్రాణం నిలపడానికి రాత్రిపూట ఆక్సిజన్, రక్తం, అద్దె వెంటిలేటరు తెప్పించాల్సి వస్తే డ్యూటీలో ఉన్న మెడికల్ సూపరింటెండెంట్ 10 లక్షల దాకా ఎవరినీ అడక్కుండా ఖర్చు పెట్టవచ్చు. 48 గంటల్లో కాగితం పంపితే చాలు.

డబ్బు పట్టిక అందరూ రాస్తారు. డబ్బుతో సంబంధం లేని అధికారాలు మాత్రం రాయరు, అసలు గొడవలు అక్కడే వస్తాయి. ఇన్ఫెక్షన్ వచ్చిందని ఓటీ (ఆపరేషన్ థియేటర్) మూసే అధికారం ఎవరిది? ఐసీయూలో నర్సులు చాలక కొత్త అడ్మిషన్లు ఆపాలంటే ఎవరు చెప్పాలి? సర్జన్‌ను తాత్కాలికంగా ఆపరేషన్ల నుంచి తప్పించాలంటే? మూసే అధికారం ఇన్ఫెక్షన్ కంట్రోల్ డాక్టరుకు, మెడికల్ సూపరింటెండెంట్‌కు ఇద్దరికీ విడివిడిగా ఇవ్వండి. తిరిగి తెరవడానికి మాత్రం ఇద్దరి సంతకాలూ కావాలి. సీఈవో ఒక్కడే తెరిపించలేని ఏర్పాటు ఉండాలి, ఎందుకంటే ఓటీ మూస్తే రోజుకు ఎంత పోతుందో ఆయనకే ఎక్కువ తెలుసు.

ఈ పట్టికను చెడగొట్టేది సాధారణంగా ఫోను. యజమాని కుటుంబంలోంచి ఒకరు పర్చేజ్ విభాగానికి ఫోన్ చేసి ‘మనవాళ్లే, చూడు’ అంటారు. ఏ డైరెక్టరైనా ఏ వార్డుకైనా వెళ్లొచ్చు, ఎవరినైనా ఏదైనా అడగొచ్చు. ఆదేశం మాత్రం సీఈవో ద్వారానే వెళ్లాలి. దీన్ని మినిట్స్‌లో రాయించండి.

రెండో మెట్టు: బోర్డులో ఎవరు కూర్చోవాలి

9 నుంచి 11 మంది సరిపోతారు. పదిహేను దాటితే అది సభ అవుతుంది, బోర్డు కాదు. లిస్టెడ్ కంపెనీకి కనీసం మూడో వంతు స్వతంత్ర డైరెక్టర్లు ఉండాలని కంపెనీల చట్టం చెబుతుంది. చట్టం మీకు వర్తించకపోయినా ఆ నిష్పత్తి పెట్టుకోండి. స్వతంత్రం అంటే యజమానికి చిన్ననాటి స్నేహితుడు కాకపోవడం కూడా.

బోర్డులో తప్పకుండా ఉండాల్సినవాళ్లు: మీ దగ్గర ప్రాక్టీసు చేయని ఒక సీనియర్ డాక్టరు, లెక్కలు చదవగలిగి సీఎఫ్‌వోను (ఆర్థిక విభాగం అధిపతిని) నిలదీయగలిగిన ఒకరు, నర్సింగ్‌లో పాతికేళ్లు పనిచేసిన ఒకరు. ఈ మూడో కుర్చీ దాదాపు ఎక్కడా కనిపించదు. ఆసుపత్రిలో అన్నిటికన్నా ఎక్కువమంది నర్సులు, రోగి పక్కన ఎక్కువసేపు ఉండేదీ వాళ్లే. వాళ్ల పని తెలిసిన మనిషి ఒక్కరూ లేని బోర్డుకు వార్డు నిజంగా ఎలా నడుస్తుందో తెలిసే దారి లేదు.

కంపెనీల చట్టం ప్రకారం ఏడాదికి కనీసం నాలుగు సమావేశాలు, రెండింటి మధ్య 120 రోజులు మించకూడదు. ఆసుపత్రికి ఇది చాలదు. ఆరు పెట్టుకోండి, వాటిలో రెండు హైదరాబాద్ బయటి శాఖల్లో. కాగితాలు ఏడు రోజుల ముందు చేరాలి. మీటింగ్ టేబుల్ మీద మొదటిసారి కనిపించిన కాగితం మీద ఆ రోజు ఓటింగ్ పెట్టొద్దు.

కమిటీలు మూడు చాలు: నాణ్యత-భద్రత, ఆడిట్, నియామకాలు-జీతాలు. నాణ్యత కమిటీ అధ్యక్షుడు స్వతంత్ర సభ్యుడై ఉండాలి, అది నెలనెలా కూర్చోవాలి. ఆడిట్ కమిటీ ఏడాదికి ఒకసారైనా సీఈవో, సీఎఫ్‌వో ఇద్దరినీ బయట కూర్చోబెట్టి ఆడిటర్లతో ఒంటరిగా మాట్లాడాలి. నాణ్యత కమిటీ కూడా అలాగే నర్సింగ్ అధిపతితో, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుతో మాట్లాడాలి.

మూడో మెట్టు: బోర్డు ముందుకు వచ్చే అంకెలు

అమెరికాలో వైద్య నాణ్యత మెరుగుపరచడానికి పనిచేసే ఐహెచ్‌ఐ సంస్థ 2006లో మొదలుపెట్టిన రోగి భద్రతా ఉద్యమంలో బోర్డులకు ఒక సూటి సలహా ఇచ్చింది: సమావేశ సమయంలో కనీసం నాలుగో వంతు నాణ్యత, భద్రతల మీదే గడపండి. నాలుగు గంటల మీటింగ్ అయితే గంట. ఆ గంట ఎజెండాలో మొదట ఉండాలి. చివర పెడితే ఫ్లైట్ టైమైందని సగంమంది లేచిపోతారు.

ఆ గంటను అంకెలతో కాకుండా ఒక మనిషితో మొదలుపెట్టండి. గత రెండు నెలల్లో మన కప్పు కింద హాని జరిగిన ఒక రోగి కేసు, పేరు లేకుండా, పది నిమిషాల్లో. చెప్పాల్సింది ఆ వార్డు నర్సు ఇన్‌ఛార్జి గానీ చూసిన డాక్టరు గానీ. సీఈవో చెప్పకూడదు.

తర్వాత అంకెలు. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఆసుపత్రి అంకెలు అబద్ధం చెప్పకుండానే మోసం చేయగలవు.

ముందు మరణాలు. మన రాష్ట్రాల్లో పరిస్థితి విషమించిన రోగిని ‘ఇంటికి తీసుకెళ్తాం’ అని బంధువులు తీసుకెళ్లడం చాలా ఎక్కువ. వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్లినట్టు కేస్‌షీట్ మీద లామా అని రాస్తారు. రోగి దారిలోనో ఇంటి దగ్గరో చనిపోతే అది ఆసుపత్రి మరణాల లెక్కలోకి రాదు. కాబట్టి ఐసీయూ మరణాల వరస పక్కనే లామా వరస, ఇతర ఆసుపత్రులకు పంపినవాళ్ల వరస వేయించండి. మరణాలు తగ్గి లామాలు పెరిగితే వైద్యం మెరుగుపడినట్టు కాదు. పైగా లామాల్లో ఎంతమంది డబ్బు అయిపోయి వెళ్లారో కూడా తెలుస్తుంది, ఆ అంకె బోర్డు చూసి తీరాలి.

తర్వాత ఇన్ఫెక్షన్లు. సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి పెట్టే గొట్టం) వల్ల వచ్చే రక్త ఇన్ఫెక్షన్‌ను 1,000 లైన్ రోజులకు ఇన్ని అని లెక్కిస్తారు; ఒక రోగికి ఆ గొట్టం ఒక రోజు ఉంటే ఒక లైన్ రోజు. ఒక శాఖలో నెలకు 600 లైన్ రోజుల్లో 3 వస్తే రేటు 5. ఇంకో శాఖలో 40 లైన్ రోజుల్లో సున్నా. ఆ సున్నాను చూసి మొదటి శాఖను తిట్టడం అన్యాయం, 40 రోజుల మీద ఏ రేటూ నిలబడదు. అంతకన్నా ముఖ్యం, సున్నా చూపించిన శాఖ ఎన్ని బ్లడ్ కల్చర్లు (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్షలు) పంపిందో అడగండి. కల్చర్ పంపకపోతే ఇన్ఫెక్షన్ దొరకదు. జ్వరం రాగానే యాంటీబయాటిక్ మార్చేసి ఊరుకునే ఐసీయూలో కాగితం మీద ఎప్పుడూ సున్నాయే ఉంటుంది.

సర్జరీ చెక్‌లిస్టుదీ ఇదే కథ. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెక్‌లిస్టుకు మూడు దశలు: మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగి ఓటీ దాటే ముందు. ఫైళ్లు చూసి లెక్కిస్తే నూటికి నూరు కనిపిస్తాయి, ఎందుకంటే టిక్కులు తర్వాత కూర్చుని పెట్టొచ్చు. నెలకు శాఖకు 20 కేసులు ఓటీలో నిలబడి చూడమనండి. కోతకు ముందు అందరూ నిజంగా ఆగారా, సర్జన్ ఆగారా? ఈ అంకె మొదటిసారి వచ్చినప్పుడు కంగారు పడకండి. అది నిజమైన అంకె.

సంఘటన రిపోర్టులు, అంటే జరిగిన పొరపాట్ల గురించి సిబ్బంది రాసి పంపేవి, మాత్రం ఎక్కువగా రావాలి. 1,200 పడకల సంస్థలో నెలకు పదే రిపోర్టులు వస్తున్నాయంటే తప్పులు తక్కువని కాదు, నోళ్లు మూసుకున్నాయని. మొదటి ఏడాది ఈ సంఖ్య పెరగడమే లక్ష్యంగా పెట్టండి. అందులో హాని దాకా రాకుండా దొరికిపోయిన పొరపాట్ల వాటా పెరుగుతుంటే ఇంకా మంచిది.

ఇంకొన్ని చాలు: అనుకోకుండా మళ్లీ ఓటీకి వెళ్లిన కేసులు, 48 గంటల్లో తిరిగి ఐసీయూకి వచ్చినవి, మంచం పుండ్లు, జారిపడటాలు, తప్పు మందు, భర్తీ కాని నర్సింగ్ షిఫ్టులు. ప్రతిదీ శాఖలవారీగా, గత 24 నెలల గీత మీద. మొత్తం సంస్థ సగటు ఒక్కటే చూపించే పేజీని వెనక్కి పంపండి, అందులో ఒక చెడ్డ శాఖ హాయిగా దాక్కుంటుంది. రెండు చుక్కలు పైకి వెళ్లగానే వివరణ అడగడమూ తప్పే. అంకెలు నెలనెలా ఊగుతూనే ఉంటాయి. ఆరేడు నెలలు వరసగా ఒకే వైపు ఉంటే అప్పుడు అడగాలి.

నాలుగో మెట్టు: సీఈవో చుట్టూ ఉండే జట్టు

నలుగురు ఒకే స్థాయిలో ఉండాలి: మెడికల్ డైరెక్టర్, నర్సింగ్ అధిపతి, సీఎఫ్‌వో, ఆపరేషన్స్ అధిపతి. నర్సింగ్ అధిపతిని హెచ్‌ఆర్ కింద గానీ ఆపరేషన్స్ కింద గానీ పెట్టిన చోట నర్సుల కొరత ఎప్పుడూ ఖర్చు తగ్గింపుగానే కనిపిస్తుంది. వెంటిలేటర్ మీద ఉన్న రోగికి ఒక నర్సు, మిగతా ఐసీయూలో ఇద్దరికి ఒకరు అనే లెక్కను బడ్జెట్‌లో రాయండి. గల్ఫ్, బ్రిటన్, జర్మనీలకు నర్సులు వెళ్తూనే ఉంటారు. అందుకే పోయాక వెతకడం కాకుండా ఏటా ఎంతమంది పోతారో లెక్కేసి ముందే తీసుకుని శిక్షణ ఇవ్వాలి. కొత్తవాళ్లు ఐసీయూలో ఒంటరిగా నిలబడటానికి కనీసం మూడు నెలలు పడుతుంది.

శాఖల్లో ఇద్దరిని జంటగా పెట్టండి, ఒక శాఖ అధిపతి, ఒక మెడికల్ సూపరింటెండెంట్. సూపరింటెండెంట్ రోజువారీ పనుల్లో శాఖ అధిపతితో నడుస్తారు, కానీ వార్షిక మదింపు సంస్థ మెడికల్ డైరెక్టర్ చేతిలో ఉండాలి. జీతం పెంచే మనిషి, ఓటీ మూయొద్దని చెప్పే మనిషి ఒక్కరే అయితే మొదటి మెట్టులో రాసిన అధికారం కాగితం మీదే మిగిలిపోతుంది. క్వాలిటీ మేనేజర్, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు, ఇంటర్నల్ ఆడిటర్ విషయంలోనూ ఇంతే.

సీఈవో బోనస్‌లో లాభానికి సగం మించి వాటా ఇవ్వొద్దు. మిగతాది భద్రత, నర్సులు నిలబడటం, రోగుల ఫిర్యాదుల పరిష్కారం మీద పెట్టండి. నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణాన్ని దాచినట్టు తేలితే ఆ ఏడాది బోనస్ మొత్తం పోతుందని ఒప్పందంలోనే రాయండి. మరణం జరిగినందుకు కాదు, దాచినందుకు. ఈ తేడా చెరిగిపోతే ఎవరూ ఏదీ చెప్పరు.

ఐదో మెట్టు: డాక్టర్లు, వాళ్ల హక్కులు, వాళ్ల డబ్బు

కన్సల్టెంట్ చేరేటప్పుడు డిగ్రీ జిరాక్సు చూసి ఊరుకోకూడదు. రిజిస్ట్రేషన్ చెల్లుతోందో లేదో రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ దగ్గరే సరిచూడాలి, పాత ఆసుపత్రిలో ఇద్దరితో మాట్లాడాలి. తర్వాత చేయగల ప్రొసీజర్ల జాబితా రాయాలి: ‘జనరల్ సర్జరీ’ అని కాదు, ల్యాప్ కోలిసిస్టెక్టమీ (చిన్న కోతలతో పిత్తాశయం తీసేయడం) ఉంది, లివర్ రిసెక్షన్ (కాలేయంలో కొంత భాగం తీసేయడం) లేదు, ఇలా. ఈ జాబితా ఓటీ బుకింగ్ కంప్యూటర్‌లో ఉండాలి. జాబితాలో లేని కేసు బుక్ కాకూడదు. కొత్త ప్రొసీజర్ అయితే మొదటి పది కేసులు అనుభవజ్ఞుల పర్యవేక్షణలో. రెండేళ్లకోసారి ఫలితాలు చూసి జాబితా పునరుద్ధరించాలి.

ఇది ఎందుకు ఇంత గట్టిగా ఉండాలో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ రాయల్ ఇన్ఫర్మరీ ఆసుపత్రి ఉదంతం చెబుతుంది. పసిపిల్లల గుండె ఆపరేషన్లలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని అక్కడి మత్తు డాక్టరు స్టీఫెన్ బోల్సిన్ లెక్కలు తీసి చెప్పారు. వినాల్సినవాళ్లు ఏళ్ల తరబడి వినలేదు. 1991-95 మధ్య ఏడాదిలోపు పిల్లలు, ఉండాల్సినదాని కన్నా 30 నుంచి 35 మంది ఎక్కువ చనిపోయారని 2001లో విచారణ నివేదిక తేల్చింది. చెప్పిన డాక్టరు చివరికి ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. మీ సంస్థలో అలాంటి మత్తు డాక్టరు ఎవరికి చెప్పాలి? నాణ్యత కమిటీ అధ్యక్షుడి నంబరు, మెయిలు ప్రతి ఓటీ డాక్టర్ల గదిలో గోడ మీద ఉండాలి.

ఇక డబ్బు. మన దగ్గర ఎక్కువగా నడిచేది ఎంజీ పద్ధతి: నెలకు ఇంత గ్యారంటీ, అంతకు మించి బిల్లు అయితే వాటా. ఈ పద్ధతిలో డాక్టరు వాటా తన ఫీజు మీదే లెక్కించండి. స్కాన్లు, ల్యాబ్, ఇంప్లాంట్లు, మందుల మీద ఒక్క రూపాయి కూడా ముడిపెట్టొద్దు. అమెరికాలో మేయో క్లినిక్, క్లీవ్‌లాండ్ క్లినిక్‌లలో డాక్టర్లకు జీతమే. క్లీవ్‌లాండ్‌లో ఆ ఒప్పందం కూడా ఏడాదిదే, ఏటా మదింపు తర్వాతే కొనసాగుతుంది. ఒక్కసారిగా అటు మారడం మన దగ్గర కష్టం కావచ్చు, క్యాజువాలిటీ, ఐసీయూ, మత్తు విభాగాలతో మొదలుపెట్టొచ్చు.

ఆర్‌ఎంపీ కమిషన్ల గురించి బోర్డుల్లో ఎవరూ నోరు విప్పరు. విప్పాలి. రోగిని పంపినందుకు డబ్బు ఇవ్వడం, తీసుకోవడం 2002 నాటి వైద్య నైతిక నియమావళి నిషేధించింది. పుస్తకాల్లో ఇది ‘మార్కెటింగ్’, ‘హెల్త్ క్యాంపు ఖర్చులు’, ‘అంబులెన్స్ ఛార్జీలు’ అనే పేర్లతో దాగి ఉంటుంది. నగదు వోచర్లను శాఖలవారీగా తీయించి, అవి అడ్మిషన్లతో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉన్నాయేమో ఆడిట్ కమిటీ చూస్తే చాలు, తెలిసిపోతుంది. ఆ డబ్బు చివరికి రోగి బిల్లులోంచే రావాలి. పైగా గుండెపోటు వచ్చిన మనిషి పది కిలోమీటర్లలో ఉన్న క్యాథ్‌ల్యాబ్ (మూసుకుపోయిన గుండె రక్తనాళం తెరిచే చోటు) దాటించి, కమిషన్ ఇచ్చే ఎనభై కిలోమీటర్ల అవతలి ఆసుపత్రికి చేరతాడు. గుండె కండరం అంతసేపు ఆగదు.

ఆరో మెట్టు: తప్పు జరిగిన రోజు

2004లో అమెరికాలోని సియాటిల్ నగరంలో వర్జీనియా మేసన్ ఆసుపత్రిలో 69 ఏళ్ల రోగికి ప్రొసీజర్ చేస్తూ, ఎక్స్‌రే రంగు ద్రవం బదులు క్రిమిసంహారక క్లోర్‌హెక్సిడిన్ ఎక్కించారు. ట్రే మీద రెండూ, పక్కనే సెలైన్, ఒకే రకం గిన్నెల్లో, పేర్లు లేకుండా, నీళ్లలా కనిపిస్తూ ఉన్నాయి. ఆమె చనిపోయారు. ఆసుపత్రి ఆ తప్పును బహిరంగంగా ఒప్పుకుని, ఏడాదంతా భద్రతనే సంస్థ ఏకైక లక్ష్యంగా పెట్టుకుంది. అప్పటికే సీఈవో డాక్టర్ గ్యారీ కాప్లాన్ టయోటా ఫ్యాక్టరీ పద్ధతి తెచ్చి, ఏ ఉద్యోగైనా ప్రమాదం కనిపిస్తే పని ఆపించే ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాటు ఉన్నా తప్పు జరిగింది, జరిగాక దాచలేదు.

మీరు రాసుకోవాల్సిన గడియారం ఇది. మొదటి గంటలో రోగిని స్థిమితపరచడం, వాడిన మందు, సిరంజి, యంత్రం తీసి పక్కన భద్రపరచడం. యంత్రాన్ని కడిగి మళ్లీ వాడేస్తే కారణం ఎప్పటికీ దొరకదు. 4 గంటల్లో మెడికల్ సూపరింటెండెంట్‌కు, 24 గంటల్లో సీఈవోకు, నాణ్యత కమిటీ అధ్యక్షుడికి. ఆ 24 గంటల్లోనే సీనియర్ కన్సల్టెంట్ కుటుంబంతో కూర్చుని తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని చెప్పాలి. జూనియర్‌ను ఆ గదిలోకి ఒంటరిగా పంపొద్దు, పీఆర్వోను అసలే పంపొద్దు. కేస్‌షీట్‌లో ఆ తర్వాత ఎవరు ఏం రాసినా తేదీ, సమయం వేసి రాయాలి. వెనక తేదీతో దిద్దిన ఒక్క లైను కోర్టులో మొత్తం కేసును ముంచుతుంది. మూల కారణ విశ్లేషణకు 45 రోజులు.

ఆ విశ్లేషణ చివర ‘సిబ్బందికి శిక్షణ ఇచ్చాం’ అని మాత్రమే ఉంటే వెనక్కి పంపండి. అది అన్నిటికన్నా బలహీనమైన మందు. బలమైనది వస్తువునే మార్చడం: క్రిమిసంహారకం ట్రే మీద గిన్నెలోకే రాకుండా పుల్లకు అంటిన రూపంలోనే కొనడం, గాఢ పొటాషియం క్లోరైడ్‌ను వార్డు స్టాకులోంచే తీసేయడం, ఒకలా కనిపించే ఆంప్యూళ్లను వేర్వేరు అరల్లో కాదు, వేర్వేరు గదుల్లో పెట్టడం.

ఏడో మెట్టు: మంటలు, ఆక్సిజన్

2011 డిసెంబర్ 9 తెల్లవారుజామున కోల్‌కతా ఏఎంఆర్‌ఐ ఆసుపత్రిలో, పార్కింగ్‌కు ఉద్దేశించిన బేస్‌మెంట్‌ను గోదాముగా వాడుతున్న చోట మంటలు లేచాయి. పొగ పై అంతస్తుల వార్డులకు పాకింది. దాదాపు 90 మంది చనిపోయారు, ఎక్కువమంది మంచం మీదే ఊపిరాడక. పోలీసులు బోర్డు డైరెక్టర్లను అరెస్టు చేశారు. ‘అది మెయింటెనెన్స్ వాళ్ల పని’ అనే బోర్డు సభ్యుడికి ఇంతకన్నా స్పష్టమైన జవాబు లేదు. ఏడాదికి రెండుసార్లు ప్రతి శాఖలో ఒక డైరెక్టరు స్వయంగా బేస్‌మెంట్ దిగి, ఏసీ డక్టుల్లో పొగ ఆపే డ్యాంపర్లు పనిచేస్తున్నాయో చూపించమనాలి. రాత్రి డ్రిల్ పెట్టించాలి, మధ్యాహ్నం డ్రిల్‌కు అర్థం లేదు. ఐసీయూ రోగుల్ని మెట్ల మీంచి దించలేరు. అదే అంతస్తులో పొగ చేరని అవతలి భాగానికి మంచాలతో సహా జరపాలి. ఆ తలుపు మంచం పట్టేంత వెడల్పు ఉందా, తాళం ఎవరి దగ్గర ఉంది?

ఆక్సిజన్ లెక్క ప్రతి సీఈవోకు నోటికి రావాలి. ఒక లీటరు ద్రవ ఆక్సిజన్ దాదాపు 860 లీటర్ల వాయువు అవుతుంది. నిమిషానికి 10 లీటర్లు తీసుకునే రోగి రోజుకు 14,400 లీటర్లు వాడతాడు. అలాంటివాళ్లు 100 మంది ఉంటే రోజుకు సుమారు 1.7 కిలోలీటర్ల ద్రవం. వాళ్లకు తోడు 40 మంది నిమిషానికి 50 లీటర్లు పంపే హైఫ్లో ఆక్సిజన్ మీద ఉంటే ఇంకో 3.3. అంటే 10 కిలోలీటర్ల ట్యాంకు రెండు రోజుల్లో ఖాళీ. పెద్ద సిలిండరులో ఉండేది 7 ఘనమీటర్లే, ఒక్క రోగికి 10 లీటర్ల చొప్పున పన్నెండు గంటలు కూడా రాదు. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకరు ఆలస్యమై పీడనం పడిపోతే, అధికారుల లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు.

అందుకే ఆర్డరు పెట్టే మట్టాన్ని శాతంలో కాకుండా గంటల్లో పెట్టండి: ప్రస్తుత వాడకం ప్రకారం 72 గంటల స్టాకు దగ్గరికి రాగానే ఆర్డరు, 48 దగ్గర సీఈవోకు ఫోను, 24 దగ్గర కొత్త అడ్మిషన్లు ఆపి జిల్లా అధికారులకు సమాచారం. ట్యాంకు నిండుగా ఉన్నా వేపరైజర్ (ద్రవాన్ని వాయువుగా మార్చే భాగం) మంచు గట్టి పీడనం పడిపోవచ్చు, కాబట్టి అలారం ట్యాంకు దగ్గర మోగితే చాలదు, ఐసీయూలో కూడా మోగాలి.

ఎనిమిదో మెట్టు: లైసెన్సులు

క్లుప్తంగా. ఫైర్ ఎన్‌వోసీ, కాలుష్య మండలి అనుమతి, స్కానింగ్ రిజిస్ట్రేషన్, ఎక్స్‌రే-సీటీలకు ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి, ఆక్సిజన్ ట్యాంకుకు పెసో (పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) అనుమతి, బ్లడ్ సెంటర్, ఫార్మసీ, అవయవమార్పిడి. అన్నీ ఒకే పట్టికలో, గడువుకు 90 రోజుల ముందు ఎరుపు రంగులోకి మారేలా. స్కానింగ్ నెలవారీ నివేదిక తర్వాతి నెల 5వ తేదీ లోపు వెళ్లాలి. శుద్ధి చేయని జీవవైద్య వ్యర్థాలు 48 గంటలు మించి నిల్వ ఉండకూడదు. లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ప్రధాన కార్యాలయంలో ఒకటి పెట్టి సరిపెట్టుకోవద్దు, చట్టం ప్రతి శాఖకూ విడిగా ఒకటి కోరుతుంది.

తొమ్మిదో మెట్టు: రావాల్సిన డబ్బు

లాభం కాగితం మీద ఉండి జీతాలకు చేతిలో డబ్బు లేకపోవడం ఆసుపత్రులకు మామూలు జబ్బు. ఆదాయాన్ని నాలుగుగా విడదీసి చూడండి: నగదు, ఇన్సూరెన్స్, ఆరోగ్యశ్రీ, ఉద్యోగుల-కంపెనీల క్రెడిట్. ఒక్కోదానికి బిల్లు పంపిన రోజు నుంచి డబ్బు పడిన రోజు దాకా ఎన్ని రోజులు, ఎంత కోత. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచి పేదలకు పెద్దాసుపత్రి తలుపు తెరిచింది. అదే సమయంలో బకాయిలు పేరుకుపోయి నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపిన రోజులు రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. పథకం వద్దనుకోవడం దీనికి పరిష్కారం కాదు. బకాయి ఆరు నెలలు ఆగినా నడిచేలా ఎన్ని పడకలు ఇవ్వగలమో బోర్డు ముందే లెక్కేసి, ఆ పడకలు అడిగినవాళ్లకు మర్యాదగా ఇవ్వాలి.

ఇన్సూరెన్స్ కోతల్లో చాలా భాగం మన కాగితాల పాపమే: నోట్స్‌లో వ్యాధి నిర్ధారణకు ఆధారం లేకపోవడం, ప్రీఆథ్‌లో (చికిత్సకు ముందు బీమా కంపెనీకి పంపే అనుమతి అభ్యర్థనలో) ఒకటి, డిశ్చార్జి సమ్మరీలో మరొకటి రాయడం. 2024 మే నెలలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నగదు రహిత అనుమతికి గంట, డిశ్చార్జి అనుమతికి 3 గంటలు గడువు పెట్టింది. ఆ గడియారం మనం అభ్యర్థన పంపాకే కదులుతుంది. డాక్టరు ‘డిశ్చార్జ్’ అని రాసిన క్షణం నుంచి రోగి గేటు దాటే క్షణం దాకా కొలవండి. ఆలస్యం ఎక్కువగా సమ్మరీ టైపు దగ్గర, మందుల వాపసు దగ్గర కనిపిస్తుంది. సమ్మరీ ముందు రోజు సాయంత్రమే సిద్ధమైతే ఆలస్యంలో పెద్ద భాగం పోతుంది.

పదో మెట్టు: కొత్త శాఖ, కొత్త సీఈవో

కొత్త శాఖకు ముందు అక్కడ ఏం చేయమో రాయండి. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పిరమిడ్ పద్ధతిలో పెరిగింది: ఊళ్లో విజన్ సెంటర్, దానిపైన సెకండరీ కేంద్రం, ఆపైన టెర్షియరీ, పైన ప్రధాన కేంద్రం. ఏ మెట్టు పని ఆ మెట్టుదే, మించినది పైకి పంపాలి. జిల్లా శాఖలో నెలకు రెండే వచ్చే సంక్లిష్ట ఆపరేషన్‌ను అక్కడే చేయాలని పట్టుబడితే ఎవరి చేయీ తిరగదు, నష్టపోయేది రోగి. 250 పడకలు కట్టినా 60తో తెరవండి. బ్లడ్ సెంటర్, 24 గంటల మత్తు డాక్టరు, పనిచేసే సీఎస్‌ఎస్‌డీ (ఆపరేషన్ పరికరాలను క్రిమిరహితం చేసే విభాగం) లేకుండా సర్జరీలు మొదలుపెట్టొద్దు. తర్వాతి 60 పడకలు తెరవడానికి షరతు ఓపీ సంఖ్య కాదు, నర్సుల భర్తీ.

సీఈవో మదింపును ఏడాదికొకసారి స్వతంత్ర సభ్యులు, యజమానులు గదిలో లేకుండా, మూడో మెట్టులోని అంకెలు ముందు పెట్టుకుని చేయాలి. వారసత్వం గురించి మన సంస్థలు మాట్లాడటానికి ఇష్టపడవు, వ్యవస్థాపకుడు ఉండగా ఆ మాట ఎత్తడం అమంగళం అనుకుంటారు. కనీసం ఈ మూడు చేయండి. సీఈవో రేపు పొద్దున రాలేకపోతే తాత్కాలికంగా ఎవరు బాధ్యత తీసుకుంటారో పేరు రాసి కంపెనీ సెక్రటరీ దగ్గర పెట్టండి, ఏటా మార్చండి. బ్యాంకు సంతకాలు ఇద్దరి దగ్గర ఉంచండి. ఆ పేరు రాసిన మనిషిని ఈ ఏడాదిలో ఒక నెలపాటు నిజంగానే ఆ కుర్చీలో కూర్చోబెట్టి, సీఈవోను సెలవు మీద పంపండి, ఫోను ఎత్తొద్దని చెప్పి మరీ.